డాక్టరు విక్రమ్ సారాభాయి

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు పెరుగు బాలబాలికలకు ఆకాశమువైపు చూచుట పుట్టుకతో వచ్చిన యలవాటు. ఒక ప్రక్క దుండిగల్ వైమానికదళ శిక్షణాలయము, మఱియొక ప్రక్క హకీంపేట విమానస్థలము నుండుటచే, తరగతిలో వ్యాకరణము జరుగుచున్నను తలలు కిటికీవైపు తిరుగుచునే యుండును. విజ్ఞాన ప్రదర్శనము సమీపించినప్పుడు మన విద్యార్థులు కాగితపు గొట్టములతోను అట్టముక్కలతోను చేసి తెచ్చు నమూనాలలో రెండంచెల రాకెట్టునకే ప్రథమస్థానము. క్రింది గొట్టమెందుకు, పై గొట్టమెందుకు, రెండును గలిపి యొకటే పెద్ద గొట్టము చేయరాదా యని యడిగినచో మాత్రము చాలమంది తెల్లబోవుదురు. ఈ ప్రశ్నకు సమాధానమును, ఆ విద్యను మన దేశమున నెలకొల్పిన మహనీయుని చరిత్రమును ఒక్కచోట చెప్పవలెనని నా యుద్దేశము.

విక్రమ్ అంబాలాల్ సారాభాయి 1919వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదు నగరమున జన్మించెను. తండ్రి అంబాలాలుగారు బట్టల మిల్లుల యజమాని; తల్లి సరళాదేవి. ఆ దంపతులకు ఎనమండుగురు సంతానము. వారిది జైన కుటుంబము. గొప్ప ధనవంతుల యిల్లు. ఐనను ఆ ధనము వారిని లోకమునుండి వేరుచేసి దాచలేదు. 1918లో అహమ్మదాబాదు మిల్లు కార్మికులు సమ్మె కట్టినప్పుడు యజమానుల పక్షమున అంబాలాలుగారు నిలువగా, కార్మికుల పక్షమున వారి తోబుట్టువు అనసూయాబాయి నిలిచెను. గాంధీమహాత్ముడు ఆ సమ్మెలోనే కార్మికుల కొఱకు ఉపవాసము చేసెను. అక్కయు తమ్ముడును వీధిలో ఎదురెదురు పక్షములవారైనను ఇంటిలో ఆప్యాయత చెడలేదట. అంతకు ముందు, గాంధీగారు తమ యాశ్రమమున ఒక హరిజన కుటుంబమును చేర్చుకొనగా నగరములోని దాతలు చేయి ముడుచుకొన్న కాలమున, ఒక షేటు మోటారులో వచ్చి 13,000 రూపాయలు చేతిలో పెట్టి పేరు చెప్పుకొనక వెడలిపోయిన సంగతి ప్రసిద్ధము. ఆ షేటు అంబాలాలుగారే యని పలువురు వ్రాసియున్నారు.

అట్టి యింటిలో విక్రముడు పెరిగెను. సరళాదేవి మాంటిస్సోరి పద్ధతి నెఱిగిన విదుషి. బిడ్డలను బయటి పాఠశాలకు పంపక, ఇంటి యావరణలోనే యొక పాఠశాల నేర్పరచి, స్వదేశ విదేశోపాధ్యాయులను రప్పించి, భాషలు, గణితము, సంగీతము, చిత్రలేఖనము, తోటపని అన్నియు నేర్పించెను. రవీంద్రనాథ ఠాకూరు, గాంధీమహాత్ముడు, సర్ సి. వి. రామన్ వంటి మహనీయులు ఆ గృహమునకు అతిథులుగా వచ్చుచుండిరి. ఇట్టి సౌకర్యము మన పిల్లలలో ఎవ్వరికిని లేదు. దానిని కప్పిపుచ్చి, ఆయనయు మీవంటి బాలుడే యని చెప్పుట సత్యము గాదు. కాని ఆ పాఠశాలలో ఒక కార్మికశాల యుండెను. యంత్రములయందు ప్రీతిగల విక్రముడు అక్కడనే, పనివారి తోడ్పాటుతో, ఆవిరిచే నడచు రైలింజను నమూనా నొకదానిని చేసెను. అది నిజముగా నడచు నమూనా. ఆకారము మాత్రము చూపు బొమ్మకును, పని చేయు బొమ్మకును గల భేదము అట్టి పని చేసినవారికే తెలియును. బొమ్మను రంగు కాపాడును. యంత్రమును కొలత కాపాడును. ఒక కీలు వెండ్రుకవాసి తప్పినను ఆవిరి కారిపోవును, చక్రము కదలదు.

గుజరాతు కళాశాలలో కొంతకాలము చదివిన పిమ్మట విక్రముడు ఇంగ్లండునకు పోయి, కేంబ్రిడ్జిలోని సెంటు జాన్సు కళాశాలలో ప్రవేశించి, 1940లో ప్రకృతిశాస్త్రములందు పట్టము పొందెను. అప్పటికి యూరపులో యుద్ధము ప్రజ్వరిల్లుచుండెను. కావున స్వదేశమునకు మరలి, బెంగుళూరునందలి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో సర్ సి. వి. రామన్‌గారి యొద్ద పరిశోధనకు పూనుకొనెను. యుద్ధము మూలమున ఇంగ్లండునకు తిరిగి పోలేకపోయిన హోమీ భాభాగారును అప్పుడచ్చటనే యుండిరి. వీరిద్దరును విశ్వకిరణముల పరిశోధనలో నిమగ్నులైరి. అంతరిక్షపు లోతులనుండి రేయింబవళ్ళు భూమిపై కురియు సూక్ష్మకణ వర్షమునకే విశ్వకిరణములని పేరు. వాతావరణము వానిని చాలవఱకు అడ్డగించును. కాబట్టి ఎంత పైకి పోయి కొలిచిన అంత మేలు. కొండలమీద కొలువవచ్చును, బెలూనులు పంపవచ్చును. బెలూను పోగల యెత్తునకు మేర గలదు. అంతకు మించిన యెత్తునకు వాద్యములను మోయగలది రాకెట్టు ఒక్కటే. కనుక సారాభాయిగారి మనస్సు రాకెట్టుమీదికి పోవుట యుద్ధేచ్ఛచేత గాని వినోదమునకు గాని కాదు. చేపట్టిన శాస్త్రమే వారి నటు నడిపించెను.

1942లో మృణాళినీ స్వామినాథన్ అను నాట్యకళాకోవిదను వివాహమాడి, యుద్ధానంతరము మరల కేంబ్రిడ్జికి పోయి, ఉష్ణమండల ప్రాంతములందలి విశ్వకిరణములనుగూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసి, 1947లో డాక్టరు బిరుదము పొందిరి. స్వరాజ్యము వచ్చిన యేడే వారు ఇంటికి చేరిరి. అదే సంవత్సరము నవంబరు 11వ తేదీన అహమ్మదాబాదులో ఫిజికల్ రిసెర్చి లేబరేటరీని స్థాపించిరి. అప్పటికి వారి వయస్సు 28 సంవత్సరములు. సొంత భవనము లేదు. ఒక కళాశాలలోని కొన్ని గదులలోనే పని ప్రారంభమయ్యెను. వాతావరణశాఖలో పేరుగాంచిన కె. ఆర్. రామనాథన్‌గారిని డైరెక్టరుగా రప్పించి, స్థాపకుడైన తాను రెండవ స్థానమున నుండిరి. ఈ యొక్క విషయము నాకు వారి బిరుదము లన్నిటికన్న పెద్దదిగా తోచును. తన ధనముతో కట్టిన యింటిలో పెద్దపీట మఱియొకరికి వేయగలవారు అరుదు.

బట్టల మిల్లుల పరిశోధనాలయము, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటు, భార్యతో గూడి స్థాపించిన దర్పణ నాట్యశాల, బాలురకు విజ్ఞానకేంద్రము, కుటుంబపు ఔషధ కర్మాగారములు ఇట్లు వారు చేపట్టిన పనులను వరుసగా వ్రాసిన ఈ పత్రిక చాలదు. వానిని విడిచి తుంబాకు పోవుదము.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్టులు స్పుత్నిక్ ఉపగ్రహమును ప్రయోగించిరి. లోకమంతయు ఆశ్చర్యపడి ఆకాశమువైపు చూచుచుండగా, మన దేశమున ఆ విద్య కొక సంఘము గూడ లేకుండెను. 1962లో అణుశక్తి శాఖ క్రింద అంతరిక్ష పరిశోధనకై జాతీయ సంఘ మేర్పడెను. సారాభాయిగారు దాని అధ్యక్షులు. రాకెట్టులను ప్రయోగించుటకు వారు వెదకిన స్థలమునకు ఒక ప్రత్యేక లక్షణము కావలసియుండెను. భూమికి మనము పటములలో చూచు భూమధ్యరేఖయే గాక, అయస్కాంత భూమధ్యరేఖ యని మఱియొకటి గలదు. దిక్సూచిలోని ముల్లు అచ్చట పైకిగాని క్రిందికిగాని వంగక సమముగా నిలుచును. ఆ రేఖమీద, భూమికి నూఱు కిలోమీటరుల యెత్తున, పగటివేళ బలమైన విద్యుత్ప్రవాహ మొకటి సాగుచుండును. లోకములోని శాస్త్రజ్ఞులకు దానిని కొలువవలెనని యాశ. ఆ రేఖ మన దేశమున కేరళపు కొనమీదుగా పోవుచున్నది. తిరువనంతపురము చెంత తుంబా యను బెస్తపల్లె సరిగా ఆ చోటనే యుండెను.

తుంబాలో ఇసుక, కొబ్బరిచెట్లు, వలలు, జాలరుల గుడిసెలు, వాని నడుమ మగ్దలేనే మరియమ్మ పేర వెలసిన రోమను కతోలికుల దేవాలయము, ప్రక్కనే బిషపుగారి గృహము ఉండెను. రాకెట్టుల స్థలమునకు ఆ పల్లెయంతయు కావలసియుండెను. ప్రభుత్వమునకు భూమిని తీసికొను హక్కు గలదు. ఉత్తరువు పుట్టినచో పోలీసులు వచ్చి ఖాళీ చేయింపగలరు. దేవాలయమును అట్లు తీసికొనినచో ఏమగునో ఊహింపుడు. బిడ్డలకు బాప్తిస్మమిచ్చిన చోటు, పెద్దలను పాతిపెట్టిన చోటు, తుపానునాడు సముద్రమునుండి బ్రతికి వచ్చినవారు మోకరించిన చోటు అది. సారాభాయిగారు ఆ మార్గమున పోలేదు. తిరువనంతపురపు బిషపు పీటర్ బెర్నార్డ్ పెరీరాగారిని దర్శించి, తమ యక్కఱను విశదపరచిరి. బిషపుగారు తాము వెంటనే మాట యీయక, ఆదివారపు ఆరాధనయందు సంఘము నెదుట ఆ సంగతి నుంచిరి. విజ్ఞానము సత్యమును వెదకుననియు, ఆ వెదకులాటకు ఈ మందిరము కావలసి వచ్చినదనియు తెలిపి, సమ్మతి యడిగిరి. సంఘము సమ్మతించెను. జాలరులకు వేఱొకచోట ఇండ్లును, క్రొత్త దేవాలయమును నిర్మింపబడెను.

మనది వేఱు మిషనైనను ఈ సంగతి మనము మఱవదగినది కాదు. బిషపుగారి యౌదార్యమును అందఱును వ్రాయుదురు; వ్రాయవలసినదే. కాని నిజముగా ఇచ్చినవారు ఆ జాలరులు. వారికి విశ్వకిరణములు తెలియవు, అయస్కాంత భూమధ్యరేఖ తెలియదు. తెలిసినది సముద్రమును, ఆ మందిరమును మాత్రమే. అందులో నొకటిని విడిచి లేచిపోయిరి.

అమెరికాలోని వాలప్స్ దీవిలో శిక్షణ పొంది వచ్చిన కొలదిమంది యువకులు తుంబాలో దిగిరి. ఎ. పి. జె. అబ్దుల్ కలాముగారు, ఆర్. అరవముదన్‌గారు వారిలోనివారు. బిషపుగారి గృహము కార్యాలయ మయ్యెను. దేవాలయము రాకెట్టులను కూర్చు కర్మశాల యయ్యెను. పైకప్పున పావురములు కాపురముండి, వాద్యములను పాడుచేయుచుండెడివట. మోటారు బండ్లు చాలనందున రాకెట్టు ముక్కుభాగమును సైకిలు వెనుక కట్టుకొని పోవుచున్న యువకుని ఛాయాచిత్రము ఈ నాటికిని ప్రసిద్ధము. ఆ చిత్రమును చూచి నవ్వువారు గలరు. నాకు మాత్రము, బండి లేదని పని ఆపని యువకుడే యందులో కనబడుచున్నాడు.

1963 నవంబరు 21వ తేదీ సాయంకాలము ప్రథమ ప్రయోగమునకు నిర్ణయింపబడెను. రాకెట్టు అమెరికావారిది, పేరు నైక్-అపాచీ. అందులోని సోడియము ఆవిరి పాత్ర ఫ్రెంచివారిది. ఇది రెండంచెల రాకెట్టు. కనుక బాలబాలికలారా, మీ నమూనాల సంగతి ఇచ్చట విచారింతము.

క్రింది యంచె నైక్: లావైన గొట్టము. పై యంచె అపాచీ: సన్నని గొట్టము. రెండింటియందును ఘనరూపమైన ఇంధనమే. మొత్తము పొడవు ఎనిమిది మీటరులకు పైగా, బరువు సుమారు 700 కిలోగ్రాములు. ఆ బరువులో అత్యధిక భాగము నైక్‌దే. నైక్ సుమారు మూడున్నర సెకండులు మాత్రమే మండును. ఆ స్వల్పకాలములో మొత్తమును భయంకరవేగముతో పైకి విసరి, తాను వట్టి యినుపగొట్టమై మిగులును. ఇక దానిని మోసికొని పోవుట దండుగ. లావైన గొట్టమును గాలి గట్టిగా వెనుకకు నెట్టును. సన్నని అపాచీని అంతగా నెట్టజాలదు. కావున ముందరిది ముందుకు జారి, వెనుకటిది వెనుకబడి, రెండును విడిపోవును. ఇంతవఱకు మన పిల్లలు చెప్పగలరు. తరువాతి ముచ్చటలోనే వివేకమంతయు నున్నది. అపాచీ వెంటనే మండదు. ప్రయోగించిన యిరువది సెకండులవఱకు ఊరకే పైకి పోవుచుండును. ఏలన, క్రింద గాలి దట్టము. అచ్చటనే మండి వేగము హెచ్చించుకొనినచో, ఆ వేగమంతయు గాలితో పెనగులాటకే వ్యయమగును. ఎత్తునకు పోయి, గాలి పలుచబడిన పిమ్మట మండినచో, ఇంధన మంతయు ఎత్తు సంపాదించుటకే వినియోగమగును. ఒక్కటే పెద్ద గొట్టము చేసిన, వట్టిపోయిన భాగమును తుదివఱకు మోయవలసి వచ్చును. దీపావళినాటి తారాజువ్వ అట్టిదే. ఎంత మందు కూరినను అది ఇంటిపైకప్పులు దాటి కొంతదూరము పోయి చల్లారును.

ఈ యంచెల సిద్ధాంతమును లెక్కకట్టి చూపినవారిలో నొకడు సియోల్కోవ్‌స్కీ. అతడు రష్యాలో కలూగా యను చిన్న పట్టణమున గణితము చెప్పు బడిపంతులు. బాల్యమునందే చెవుడు వచ్చినవాడు. అమెరికాలో గాడర్డు అను శాస్త్రజ్ఞుడు 1914లోనే అంచెల రాకెట్టునకు పేటెంటు పొందెను. బడిపంతులు పేరు వచ్చినప్పుడు నా కలము కొంచె మాగుట సహజమే గదా.

ప్రదర్శనమునకు దీనిని చూపదలచినవారు మందుగుండు జోలికి పోనక్కఱలేదు, పోరాదు గూడ. అనుమతి లేక మందు నూరుట శాసనవిరుద్ధము. ఆ ప్రయత్నమున వ్రేళ్ళు, కన్నులు పోగొట్టుకొనిన బాలురు ప్రతి దేశమునందును గలరు. పైగా మన తలపై రెండు విమానస్థలముల విమానములు తిరుగుచున్నవి. తరగతి గదిలో ఈ కొననుండి ఆ కొనకు గాలపుతాడు బిగించి కట్టుడు. పొడవైన బుడగలు రెండు తీసికొనుడు. కాగితపు గ్లాసును కోసి యొక వలయము చేయుడు. ముందరి బుడగను ఊది, దాని మూతిని వలయముగుండా వెనుకకు లాగి, రెండవ బుడగను ఆ వలయములోనే ఊదుడు. రెండవది ఉబ్బి మొదటిదాని మూతిని వలయమునకు అదిమి పట్టును. రెంటిని తాటిమీద జారు గొట్టములకు అంటించి, వెనుకటి బుడగ మూతిని వదలుడు. అది గాలిపోయి క్రుంగగానే ముందరిదాని మూతి తానే వదలును. రెండవ అంచె బయలుదేరును. ఖర్చు పది, యిరువది రూపాయలు. అపాచీవలె ఆలస్యముగా మండు నేర్పు మాత్రము దీనికి లేదు.

ఇక తుంబాకు మరలుదము. ఆ నాడు పని సాఫీగా సాగలేదు. రాకెట్టును లారీనుండి ప్రయోగపీఠముపైకి ఎత్తు క్రేను నూనె కారి మొరాయించెను. సాయంత్రము దగ్గఱపడుచుండెను. సోడియము ఆవిరి కనబడవలెనన్న సంధ్యాసమయమే కావలెను: నేలమీద చీకటిపడి, పైన ఎత్తున ఇంకను సూర్యకిరణములు తగులుచుండవలెను. ఆ గడియ తప్పిన ఆ దినము తప్పినట్లే. యువకులు తమ భుజబలముతోనే దానిని పీఠముపైకి చేర్చిరి. సూర్యుడు క్రుంకినంతనే రాకెట్టు లేచెను. కొంతసేపటికి పడమటి యాకాశమున పసుపు, నారింజవన్నెలు కలిసిన మేఘ మొకటి తీగవలె సాగి, కేరళమంతట కనబడెను. శాసనసభ్యులును సభ విడిచి వచ్చి చూచిరందురు. ఆ మేఘము ఎటు కొట్టుకొనిపోవుచున్నదో పలుచోట్లనుండి చిత్రములు తీసి, అంతయెత్తున గాలి ఏ వేగమున వీచుచున్నదో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

ఆ రాకెట్టులో మన దేశమున చేసిన దేదియు లేదు. ఈ కొఱత సారాభాయిగారికి తెలియనిది కాదు. నాలుగేండ్లలోనే, 1967 నవంబరు 20వ తేదీన, మన యింజనీర్లు చేసిన ప్రథమ రాకెట్టు తుంబానుండి లేచెను. పేరు రోహిణి-75. వ్యాసము 75 మిల్లీమీటరులు మాత్రమే. అరచేతి వెడల్పునకు మించదు. నైక్-అపాచీ చూచిన కన్నులకు అది ఆటబొమ్మ. పిదప, ఫ్రెంచివారితో చేసికొనిన ఒడంబడిక ప్రకారము, సెంటార్ అను రెండంచెల రాకెట్టును ఇచ్చటనే నిర్మించిరి. ఇంధనము వండుట, గొట్టములు చుట్టుట, వాద్యములు అమర్చుట ఒక్కొక్కటిగా నేర్చిరి. యువకులకు పని యప్పగించి, తప్పు జరిగినప్పుడు తోడుగా నిలుచుట సారాభాయిగారి పద్ధతి. ఎవరిని నియమింపవలెనో వారు తొందరగా నిర్ణయించెడివారట, కొందఱికిది నచ్చలేదు. ఇంత బీద దేశమున ఒక శ్రీమంతుని కుమారుడు రాకెట్టులతో ఆడుకొనుచున్నాడనిన విమర్శయు లేకపోలేదు.

ఆ విమర్శ తేలికగా కొట్టివేయదగినది కాదు. అవి కఱవుల దినములు. 1965, 1966 సంవత్సరములలో వానలు లేక దేశము విదేశపు గోధుమలకై చేయిచాచుచుండెను. ఆకలిగొన్న యింటిలో అవుటులు కాల్చుట యుచితమా యనునది న్యాయమైన ప్రశ్నయే. సారాభాయిగారు చంద్రుని చేరుటలో ధనిక దేశములతో పందెము వేయుట మనకు తగదని ఒప్పుకొనుచునే, తుపానును ముందుగా తెలిసికొనుటకును, పంటకు పట్టిన తెగులును పైనుండి కనుగొనుటకును, బడి లేని పల్లెకు పాఠమును పంపుటకును ఈ విద్యయే సాధనమని వాదించిరి. వాదించి యూరకుండలేదు. 1969లో అమెరికావారితో ఒడంబడిక చేసికొని, వారి ఉపగ్రహముద్వారా పల్లెలకు టెలివిజను పాఠములు పంపు ఏర్పాటు కావించిరి. అది ఫలించుట చూచుటకు వారు జీవించియుండలేదు. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరకాలము ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ఆ ప్రసారములు అందెను. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. ఆ పాఠముల భాషలలో తెలుగొకటి. ఆ పల్లెలయందుంచిన టెలివిజను పెట్టెలు మన హైదరాబాదులోని ఎలక్ట్రానిక్సు కార్పొరేషనులో తయారైనవి.

ఆ కార్పొరేషను సంగతియు చెప్పవలెను. 1966 జనవరి 24వ తేదీన భాభాగారు ఆల్ప్సు పర్వతములలో విమాన ప్రమాదమున మరణింపగా, అణుశక్తి సంఘాధ్యక్షతయు సారాభాయిగారి భుజములమీద పడెను. మఱుసటి సంవత్సరము హైదరాబాదులో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను స్థాపింపబడెను. దానిని నడిపినవారు భీమవరము చెంత మోగల్లున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ఏ. ఎస్. రావు నగరమని మనము బస్సులో టిక్కెట్టడుగు పేరు వారిదే. అణుబాంబు విషయమున సారాభాయిగారు తొందరపడువారి పక్షమున లేరు. దాని వ్యయము దేశము భరింపదగినదేనా యని బహిరంగముగనే ప్రశ్నించిరి. ఇందుచే వారికి మిత్రులు తగ్గిరి, పని తగ్గలేదు.

1969 ఆగస్టు 15వ తేదీన భారత అంతరిక్ష పరిశోధన సంస్థ యేర్పడెను. ఉపగ్రహమును మోయు పెద్ద రాకెట్టునకు తుంబా చాలదు. తూర్పుగా ప్రయోగించినచో భూభ్రమణము సహాయపడును. రాలిపడు అంచెలు సముద్రములో పడవలెను. కనుక తూర్పుతీరమున వెదకి, ఆనాటి నెల్లూరు జిల్లాలో సూళ్ళూరుపేట చెంత, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోటను ఎన్నుకొనిరి. సరుగుడు తోటలు, అడవి, ఆ అడవిని నమ్ముకొనిన యానాదుల గూడెములు అచ్చటి సంపద. యానాదులును స్థలము విడిచి పోవలసివచ్చెను. తుంబాలో జాలరులను అడుగుటకు ఒక బిషపు, ఒక సంఘము ఉండెను. యానాదుల పక్షమున అట్లు కూర్చుండి మాటాడినవారు ఎవ్వరును చరిత్రలో నాకు కనబడలేదు. శ్రీహరికోట పేరు విని గర్వపడునప్పుడు ఈ సంగతి మన పుస్తకములలో నుండదు. ఉండవలెనని నా యభిప్రాయము.

1971 అక్టోబరు 9వ తేదీన శ్రీహరికోటనుండి తొలి రాకెట్టు, రోహిణి-125, లేచెను. అప్పటికే ఉపగ్రహమును మోయు నాలుగంచెల రాకెట్టునకు చిత్రములు సిద్ధమగుచుండెను. సారాభాయిగారు అహమ్మదాబాదు, బొంబాయి, ఢిల్లీ, తిరువనంతపురములమధ్య విమానములలోనే సగము జీవితము గడుపుచుండిరి. నిద్ర స్వల్పము, విశ్రాంతి శూన్యము. దేహమునుగూడ ఒక యంత్రమువలె లెక్కించి కాపాడవలసినవారు దానిని పూర్తిగా మఱచిరి. డిసెంబరు కడపట తుంబాకు వచ్చి, రాకెట్టు పనిని పరిశీలించి, కోవళములోని విశ్రాంతి గృహమున రాత్రి నిదురించిరి. 30వ తేదీ ఉదయమున వారు లేవలేదు. వయస్సు 52 సంవత్సరములు. ఆయనను కలిసికొనుటకు ఢిల్లీనుండి విమానములో దిగిన కలాముగారికి విమానస్థలమునందే ఈ వార్త తెలిసెను.

ఆ నాలుగంచెల రాకెట్టును తరువాత సతీష్ ధవన్‌గారి నాయకత్వమున కలాముగారి బృందము నిర్మించెను. ఎత్తు 22 మీటరులు, బరువు 17 టన్నులు. 1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోటనుండి లేచి, రెండవ అంచెలో ఒక కవాటము చెడి ఆమ్లము కారిపోవుటచే అదుపు తప్పి, 317 సెకండులకు బంగాళాఖాతములో కూలెను. ఏడేండ్ల శ్రమ అయిదు నిమిషములలో మునిగెను. మఱుసటి సంవత్సరము జూలై 18వ తేదీన అదే తీరమునుండి అదే జాతి రాకెట్టు మరల లేచి, 35 కిలోగ్రాముల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను.

తుంబాలోని కేంద్రమునకు సారాభాయిగారి పేరు పెట్టిరి. చంద్రునిపై ఒక బిలమునకు 1973లో వారి పేరు వచ్చెను. చంద్రునిమీదికి పంపిన వాహనమునకు విక్రమ్ అని పేరిడగా, 2019లో మొదటిది కూలెను, 2023 ఆగస్టు 23వ తేదీన రెండవది దిగెను. 2022 నవంబరు 18వ తేదీన మన హైదరాబాదు యువకుల సంస్థ యొకటి నిర్మించిన ఒక్క యంచె రాకెట్టు విక్రమ్-ఎస్ శ్రీహరికోటనుండి లేచి 89 కిలోమీటరులు దాటి పోయెను. అదే నెలలో తుంబానుండి రోహిణి-200 అను చిన్న రెండంచెల రాకెట్టు ఎన్నడును తప్పక వరుసగా 200వ మారు విజయవంతముగా ఎగసెను. పై గాలుల తీరును కొలుచుటయే దాని పని. ప్రయోగపీఠమునకు కొంతదూరముననే మగ్దలేనే మరియమ్మ దేవాలయము ఇంకను నిలిచియున్నది. అందులో నిప్పుడు రాకెట్టుల ప్రదర్శనశాల గలదు.